ఒక్క నుక్తా ఖరీదెంత?

నాత్, కవ్వాలీ వీడియోలు తీసే దోస్తులారా! కెమెరాకి వేలు పోస్తారు. డ్రోన్ తెప్పించి రావులపాలెం బ్రిడ్జి మీంచి గౌతమిని చూపిస్తారు. తెర మీద కలామ్ వేయాల్సి వచ్చేసరికి మాత్రం "ఏదో ఒక ఫాంటు పెట్టెయ్ భాయ్" అంటారు. ఇదెక్కడి ఇన్సాఫ్?

"పాట చెవికి కదండీ, అక్షరం ఎవరు చూస్తారు?" అని మీ జవాబు. కోనసీమలో మన పిల్లలు చాలామందికి ఉర్దూ ఇంట్లో మాట్లాడే జబానే గానీ బళ్లో నేర్చిన లిపి కాదు. తెర మీది తెలుగు అక్షరమే వాళ్లకు కలామ్‌లోకి దర్వాజా. అక్కడ గల్తీ పడితే వాళ్లు గల్తీనే నేర్చుకుంటారు.

జలీల్ అంటే ఘనుడు, అల్లాహ్ నామాల్లో ఒకటి. అదే జకారాన్ని పళ్ల సందున ఈల వేసినట్టు పలికితే నీచుడు! కల్బ్ అంటే గొంతు లోపలి 'క'తో గుండె, మామూలు 'క'తో కుక్క. తెలుగులో మాత్రం రెంటికీ ఒకే అక్షరం రాసి వదిలేస్తున్నాం. 2021లో యూనికోడ్ 14తో తెలుగుకూ నుక్తా వచ్చింది. ఎంతమంది వాడుతున్నారు? ఎంచుకున్న ఫాంటులో ఆ చుక్క ఉందో లేదో ఎంతమంది చూస్తున్నారు?

దీనికి తోడు 'ఇస్లామీ లుక్' అనే పిచ్చొకటి. తెలుగు అక్షరాలకు కొమ్ములు, తోకలు తగిలించి, పచ్చరంగు పూసి, పక్కన నెలవంక పెడితే అదబ్ అయిపోతుందా? అది వేషం. నస్తాలీఖ్ హుస్న్ దాని వాలులో ఉంది, తెలుగు హుస్న్ దాని గుండ్రదనంలో ఉంది. ఒకదానికి ఇంకోదాని షేర్వానీ తొడిగితే రెండిటికీ బేఇజ్జతే.

పైసల బహానా చెప్పకండి. మండలి, రామభద్ర, నోటో నస్తాలీఖ్ ఉర్దూ, అన్నీ ముఫ్త్‌గా దొరికేవే. ప్రీమియర్ ప్రోలో టెక్స్ట్ ఇంజన్‌ని సౌత్ ఏషియన్ అండ్ మిడిల్ ఈస్టర్న్‌కి మార్చడానికి నిమిషం చాలు. మార్చకపోతే తెలుగు వత్తులు విడిపోతాయి, ఉర్దూ హర్ఫులు తెగిపోతాయి.

2022లో మన రాష్ట్రం ఉర్దూని రెండో అధికార భాష చేసింది. సర్కారు కాగితం మీద ఇచ్చిన ఇజ్జత్‌ని మన తెర మీద మనమే తీసేస్తే ఎవర్ని నిలదీస్తాం? ఎడిటర్‌కి డబ్బులిచ్చే ముందు, ఉర్దూ చదివే ఒక పెద్దాయనకీ, తెలుగు చదివే ఒక పిల్లకీ ఆ వీడియో ఫోన్‌లో చూపించండి. ఇద్దరూ ఆగకుండా, సరిగ్గా చదివితేనే వదలండి. లేదంటే వాపసు పంపండి!