అడవి ఒకరిది, కాటా ఇంకొకరిది

ఎండలు ముదిరే రోజుల్లో ఒకసారి పాడేరు ఘాటీ ఎక్కి, ఏదైనా వారపు సంతకు వెళ్లి చూడండి. నెత్తిన చింతపండు గంప, చంకన బిడ్డ - కొండ దిగి నడిచొచ్చిన ఆడవాళ్లు కనిపిస్తారు. మధ్యాహ్నానికి గంప ఖాళీ. ఉప్పు, నూనె, ఎండుచేపలు కొనేసరికి చెయ్యీ ఖాళీ!

చింతపండు, అడ్డాకు, కుంకుడుకాయ, కరక్కాయ, ఇప్పగింజ, తేనె, కొండచీపుళ్లు, తపసిబంక - వీటన్నిటికీ సర్కారువారి పేరు 'చిన్నతరహా అటవీ ఫలసాయం'. చిన్నతరహా ఎవరికి? చోళ్లు, సామలు నిండుకున్న నెలల్లో పొయ్యి వెలిగించేది అదే కదా!

మాది కొండ దిగువన చెరకు పండించే కుటుంబం. బెల్లం ధర పడిపోయిన ఏడు నాలుగు రోజులు ఆగి అమ్ముదామంటే మా నాన్న ఆగలేడు. అప్పిచ్చినవాడు ఆగనివ్వడు. "సరుకు మనదేరా, కాటా మనది కాదు" అంటాడు. పట్టా భూమి వున్న మా గతే యిది. మరి ఆ గంప దించిన తల్లి సంగతేమిటి?

పిక్క తీసి, ఆరబెట్టిన చింతపండుకు ఎక్కువ ధర వస్తుందని ఆవిడకూ తెలుసు. కానీ ఉప్పు ఇవాళే కావాలి! తపసిచెట్టు కథా అంతే. దాని బంక మందుల్లోకీ, కట్టుడుపళ్లు అంటించే పొడుల్లోకీ పోతుంది. తెల్లగా, బెరడు ముక్కలు లేకుండా వుంటే మేలురకం. లోతుగా గాటు పెడితే చెట్టే చచ్చిపోతుంది. చిన్న గాటు పెట్టాలని వృక్షశాస్త్రం చదివిన మనం సులువుగా చెప్పేస్తాం. రేపటిదాకా ఆగగలిగినవాడే చిన్న గాటు పెడతాడు.

చట్టాలు లేవా అంటే వున్నాయి. 1956లోనే గిరిజన సహకార సంస్థ వచ్చింది. 2006 నాటి అటవీ హక్కుల చట్టం ఈ ఫలసాయం మీద యాజమాన్య హక్కు అడవిబిడ్డలదే అంది. వెదురు, బీడీ ఆకు కూడా అందులోవే. 2013-14లో కేంద్రం కనీస మద్దతు ధర పథకం తెచ్చింది. అన్నీ మంచివే. అయితే కొనే మనిషి రాని వారం షావుకారే దిక్కు. అతను ఇంటిముందుకొస్తాడు, అవసరానికి అప్పిస్తాడు. అతన్ని వూరికే తిట్టిపోస్తే సంత మారదు. అతనిచ్చే ఆ రెండూ వేరేచోట దొరకాలి.

నేను అడిగేది పెద్దదేం కాదు. గూడేనికో ఆరబెట్టే కళ్లం, వాన తగలని గది, వాళ్లే తూచుకునే కాటా. సరుకు గదిలో పెట్టిన రోజునే కొంత సొమ్ము చేతికి రావాలి. అప్పుడు ఆ తల్లి ధర కోసం ఆగగలదు. ఆగగలిగిననాడే హక్కు కాగితం మీంచి చేతిలోకొస్తుంది.

విద్యార్థి మిత్రులారా! అరకు విహారయాత్ర అంటే బొర్రా గుహలు, ఫొటోలు, పాటలూ. తప్పు లేదు. ఈసారి మాత్రం ఒక్క పూట సంతలో కాటా పక్కన నిలబడదాం. ముల్లు ఎటు వాలుతోందో చూడడానికి బి.యస్సీ. చదవనక్కర్లేదు. చూసింది చూసినట్టు చెప్పడానికే కాస్త ధైర్యం కావాలి.