కాష్మోరాకు భయపడవలసింది ఎవరు?

యండమూరి వీరేంద్రనాథ్ ‘తులసిదళా’నికి క్షుద్రసాహిత్యమన్న ముద్ర వేసి ఊరుకోవడం మన విమర్శకులకు అలవాటైపోయింది. రంగనాయకమ్మగారొక్కరు దాన్ని ‘గంజాయి దమ్ము’ అని, పుస్తకమంత విమర్శ రాసి మరీ దులిపారు. అయితే పాఠకుణ్ణి జడిపించడమే ఆ నవల నేరమన్న మాట నాకెన్నడూ రుచించలేదు. నెలనెలా చందమామలో విక్రమార్కుడితోపాటు శవాన్ని భుజాన మోసినవాళ్ళం, మనకు జడుపు కొత్తా?

పైగా, జడిపించడం ఆయనకు చేతనైన విద్య. 1980ల తొలినాళ్ళలో ఆంధ్రభూమి వారపత్రికలో ఆ ధారావాహిక కోసం ఇంటిల్లిపాదీ ఎదురుచూశారంటే కారణం ఉంది. పాడుబడ్డ కోటల్లో తిరిగే దయ్యాన్ని ఆయన నగరంలోని ఒక మామూలు మధ్యతరగతి ఇంటికి తెచ్చాడు. శ్రీధర్, శారద, వాళ్ళ పాప తులసి. చదువుతున్నది మన పక్కింటి కథ, కాదు, మన ఇంటి కథే అనిపిస్తుంది.

నా పేచీ ఆ దయ్యం ఏ దిక్కునుంచి వచ్చిందన్న దగ్గర. అది ఒరిస్సా అడవుల్లోంచి, కాద్రా అనే మాంత్రికుడి చేతిమీదుగా వచ్చింది. చేయించినవాళ్ళు ఆస్తికి ఆశపడినవాళ్ళే కదా అని మీరనవచ్చు. నిజమే. కాని నాగరికుడికి దురాశను మాత్రమే ఇచ్చి, పసిదాని ప్రాణం తీయగల శక్తినంతా అడవి మనిషి చేతిలో పెట్టాడు రచయిత. కాలనీ అమాయకం, అడవి ప్రమాదం. ఈ పటం గీసి పెట్టాక కాష్మోరా ఉన్నా లేకపోయినా ఒకటే.

ఐరా లెవిన్ 1967లో రాసిన ‘రోజ్‌మేరీస్ బేబీ’ చూడండి. అందులో మంత్రగత్తె న్యూయార్కులో పొరుగు వాటాలో ఉండే ముసలావిడ. పలకరిస్తుంది, తినడానికేదో చేసి తెచ్చిపెడుతుంది. ఆమె భర్త, పేరుమోసిన డాక్టరు, అందరూ ఆ ముఠాయే. నటుడిగా అవకాశాల కోసం భార్య గర్భాన్ని బేరం పెట్టినవాడు సాక్షాత్తూ మొగుడు. ఆ నవల మూసిన పాఠకురాలు అడవికేసి చూడదు, పక్కగదికేసి చూస్తుంది.

మన నేలమీద జరిగింది ఇంకా ఘోరం. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి అన్న అనుమానం వచ్చిన మనిషికి, మంత్రం నోట పలక్కుండా పళ్ళు ఊడగొట్టారు. కొందరిని తగలబెట్టారు. వాళ్ళలో ఎక్కువమంది పేదలు, దిక్కులేని ముసలివాళ్ళు. జాతీయ నేర గణాంకాల సంస్థ హత్యలకు కారణాలు రాసే పట్టికలో మంత్రవిద్యకు ఒక గడే కేటాయించింది. బీహారు 1999లో, జార్ఖండ్ 2001లో, ఒడిశా 2013లో మంత్రగత్తెలన్న ముద్ర వేయడాన్ని నేరం చేస్తూ చట్టాలు తెచ్చుకున్నాయి. కాద్రాను పుట్టించిన అదే ఒడిశా! అక్కడ చట్టం కాపాడవలసి వచ్చింది కాలనీ పాపను కాదు. మంత్రగత్తె అన్న పేరు పడ్డ మనిషిని.

ఆ నవలలో హేతువాదానికీ చోటిచ్చారు కదా, వైద్యాన్నీ మంత్రాన్నీ పక్కపక్కనే నడిపించి ఏది నిజమో పాఠకుణ్ణే తేల్చుకొమ్మన్నారు కదా అని అభిమానులు వాదిస్తారు. అది నిష్పాక్షికతగా నాకు కనబడదు. వందల పేజీలపాటు ఒక తట్టలో భయం పోసి, మరో తట్టలో నాలుగు వైద్య పదాలు వేసి, తూకం మీరే వేసుకోండంటే ముల్లు ఎటు మొగ్గుతుందో కొట్టువాడికి తెలియదా? కథేగా అంటారు ఇంకొందరు. కథే. ఊరి పెద్దలు పంచాయితీలో ఆ ముసలమ్మ మీద చెప్పిందీ కథే.

భయానక నవల వద్దని నేననను. అర్ధరాత్రి పదిమంది వచ్చి తలుపు బాదుతుంటే, లోపల దీపం ఆర్పి, ఊపిరి బిగబట్టి కూర్చున్న ముసలమ్మ దగ్గర మొదలయ్యే నవల కావాలి నాకు. తెలుగులో అలాంటిది మీరెవరైనా చదివి ఉంటే పేరు చెప్పండి, తెప్పించుకుంటాను.