తాతయ్య తుపాకీ - ఓ చెక్కముక్క గోల

మొన్న సంక్రాంతికి గురజాల వెళ్తే మా బాబాయి పాత లుంగీలో చుట్టిన మూట విప్పి నా ముందు పెట్టాడు. తాతయ్య జోడు గొట్టాల తుపాకీ! 12 బోరు, బర్మింగ్‌హామ్ సరుకు. తాతయ్య పోయాక లైసెన్సు బాబాయి పేరుకి మారింది. గొట్టాల కింద ఎడంచేత్తో పట్టుకునే చెక్క ఉంటుంది చూడండి, ఫోరెండ్ అంటారు, అది నిలువునా చీలిపోయింది. మా పల్నాడులో ఎన్నికలొస్తే తుపాకులు డిపాజిట్ చేయాల్సిందేగా... 2024లో తిరిగి ఇంటికొచ్చేసరికి ఇలా ఉందిట.

"ఒరే, డల్లాసులో మీ అన్నయ్య ఉన్నాడుగా. ఆన్‌లైన్లో ఇట్టాంటి చెక్కలు బోలెడు అమ్ముతారంట. ఒకటి సూట్‌కేసులో ఏసుకు రమ్మను" అన్నాడు.

అన్నయ్య అయితే రెడీ. నేనే అడ్డం పడ్డాను. 1959 ఆయుధాల చట్టంలో తుపాకీ అంటే దాని విడిభాగాలు కూడా. లైసెన్సు లేనివాడు సూట్‌కేసులో తెచ్చి ఎయిర్‌పోర్టులో దొరికితే "చెక్కేగా సార్" అంటే వినరు.

సరే, చట్టం సంగతి పక్కన పెట్టినా అది మన తుపాకీకి పట్టదు. అందరూ అనుకునేట్టు అది పిడి కాదు. దాని లోపల ఒక ఇనుప ముక్క ఉంటుంది. గొట్టాలు మడత దగ్గర నుంచి ఊడి రాకుండా పట్టి ఉంచేది అదే. అంతేకాదు, 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు కనిపెట్టిన పద్ధతిలో, మాదీ అదే, గొట్టాలు కిందికి వంచినప్పుడు లోపలి సుత్తుల్ని బిగించే మీటల్ని నొక్కేది కూడా ఈ ఇనుమే. అది తీసేసి గొట్టాలు వంచి చూడండి, సుత్తులు బిగవవు. వాటిని చేత్తో ఆకురాయి పట్టి ఒకదానికొకటి అమర్చారు. అందుకే ఇనుము మీద, గొట్టాల మీద ఒకటే నంబరు. వెర్షన్ ఒకటే కదా అని పక్క ప్రాజెక్టు డీఎల్ఎల్ ఎత్తుకొచ్చి పెడితే ఏమవుతుందో మనకి చెప్పాలా :)

కాబట్టి నా మాట ఒకటే. ఇనుము, మరలు పాతవే ఉంచాలి, చెక్క ఒక్కటే కొత్తది చేయించాలి. ఇనుముకి మసి పూసి, చెక్కలో కూర్చోబెట్టి, మసి అంటిన చోటల్లా కొంచెం కొంచెం చెక్కుతూ పోవాలి. ఓపిక పని. అమెరికా వాళ్ళకి ఇష్టమైన వెడల్పాటి రకం పెడితే చెయ్యి కాలదు నిజమే, కానీ సన్నటి పాత తుపాకీకి ముందు బరువు పెరుగుతుంది, చూడ్డానికి అరువు చొక్కాలా ఉంటుంది.

బాబాయి టేకు అన్నాడు. నేను అక్రోటు కర్ర అన్నాను. ఫోరెండ్ అంచులు బాగా పలచన, టేకు ఆ పలచనలో పెచ్చులూడుతుంది. అక్రోటు అంత పలచగా చెక్కినా నిలుస్తుంది, బట్ కూడా అదే కర్ర కాబట్టి రంగు కలుస్తుంది. పైన వార్నిష్ వద్దు, అవిసె నూనె చాలు. ఇంకోటి, తుపాకీ బాగుచేయడానికి కూడా లైసెన్సు ఉండాలి. అంటే మా వీధి వడ్రంగి ఎంత పనిమంతుడైనా కుదరదు.

"కొత్తది కొనుక్కోరాదా?" అని ఆఫీసులో ఒకాయన అడిగాడు. కారంపూడి వీరుల గుడిలో పాత ఆయుధాలకి ఇప్పటికీ కార్తీకమాసంలో పూజలు చేసే గడ్డండీ మాది. తాతయ్య తుపాకీని తుక్కుకెయ్యమంటే బాబాయి నన్నే వేసేస్తాడు.

ఆయన ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదు. నిన్న ఫోన్ చేస్తే అటక మీంచి టేకు మొద్దొకటి దింపించాడని పిన్ని చెప్పింది. శనివారం పొద్దున్నే నరసరావుపేట బస్సెక్కుతున్నా.