ముప్పు ఫర్నేస్‌తో ఆగదు.. లెక్కా ఆగరాదు

భిలాయి-3: ఉక్కు కర్మాగారంలోని బ్లాస్ట్ ఫర్నేస్ అంతర్భాగాన్ని ఎవరూ కళ్లారా చూడలేరు. వేడిగాలి కోక్‌ను తాకే చోట ఉష్ణోగ్రత 2,000 డిగ్రీల సెల్సియస్‌కు చేరుతుంది. గోడల్లోని ఉష్ణమాపకాలు, పైకి వచ్చే వాయువు విశ్లేషణ అందించే అంకెల ఆధారంగా లోపలి స్థితిని అంచనా వేసేది గణిత నమూనాయే.

అయితే 2014 జూన్ 12న భిలాయి కర్మాగారంలో ఆరుగురిని బలిగొన్న ప్రమాదం ఫర్నేస్ లోపల జరిగింది కాదు. పంప్‌హౌస్‌లో నీటి పీడనం పడిపోగా, వాయుశుద్ధి విభాగం నుంచి విషవాయువు వెలువడింది. నీరు, వాయువు రెండు వేర్వేరు వ్యవస్థలు. ప్రమాదం వాటిని ఒక్కటి చేసింది.

ఫర్నేస్‌కే పరిమితమైన నమూనా ఉత్పత్తికి తోడ్పడవచ్చు. పంపు ఆగితే వాయువు ఎటు మళ్లుతుందో కంప్యూటర్ అనుకరణతో ముందే పరీక్షించడం కార్మికుల ప్రాణరక్షణకు అవసరం. ఆ లెక్కకైనా క్షేత్రస్థాయి కొలతలే ఆధారం.