పన్ను కట్టించుకునే ముందు...

"లోపలి పన్నేగా, ఎవరికి కనబడుతుందిలే!" దవడ పన్ను ఊడిన ఆడవాళ్లలో చాలామంది అనే మాట ఇదే. 'కాన్పుకో పన్ను' అని సర్దిచెప్పుకోవడం కూడా మనకు అలవాటే. నిజానికి పళ్లు పోయేది కాన్పుల వల్ల కాదు, పట్టించుకోని పుచ్చు వల్ల, చిగుళ్ల జబ్బు వల్ల. ఆ ఖాళీని అలాగే వదిలేస్తే పక్క పళ్లు అటు ఒరుగుతాయి. ఎదురు పన్ను ఖాళీలోకి సాగుతుంది.

తీరా కట్టించుకుందామని వెళ్తే ముఖ్యంగా రెండు దారులు చెబుతారు. ఒకటి తీసి పెట్టుకునే సెట్టు. అందులో చవకైనది అక్రిలిక్‌ది. తీగ కొక్కేలతో పక్క పళ్లను పట్టుకుంటుంది కానీ బరువంతా చిగురు మీదే పడుతుంది. కొన్నాళ్లకు వదులవుతుంది. కోబాల్ట్ క్రోమియం చట్రంతో పోతపోసినదైతే బరువులో కొంత పళ్లు మోస్తాయి. ధర మాత్రం ఎక్కువే.

రెండోది కదలని బ్రిడ్జి. దీనికి ఖాళీకి అటూ ఇటూ ఉన్న పళ్లను ఒకటి నుంచి రెండు మిల్లీమీటర్ల మేర అరగదీసి, అచ్చు తీసి, తొడుగులు సిమెంటుతో అతికిస్తారు. అరగదీసిన ఎనామిల్ మళ్లీ రాదు. ఒక పన్ను కోసం రెండు మంచి పళ్లు ముట్టుకుంటున్నారన్నమాట! అందుకే ఎక్స్‌రే తీసి, ఆ పళ్ల వేళ్లు గట్టిగా ఉన్నాయో లేదో చూడాలి. పన్ను పీకాక చిగురు కుదుటపడటానికి రెండు మూడు నెలలు ఆగాలి.

ఈ ఆగే ఓపిక, డబ్బు లేకనే కొందరు రోడ్డు పక్క పళ్ల సెట్ల వాళ్ల దగ్గరికి వెళ్తారు. వాళ్లు అక్కడికక్కడే అక్రిలిక్ కలిపి, తీగతో పక్క పళ్లకు బిగించేస్తారు. కడుక్కునే వీలుండదు. చిగురు చీము పట్టి, ఉన్న పళ్లూ కదులుతాయి. అర్హత లేనివాళ్లు పళ్ల వైద్యం చేయకూడదని 1948 నాటి చట్టమే చెప్పింది. కానీ చట్టం ఒక్కటే చాలదు. ఆరోగ్య బీమా పాలసీలు చాలావరకు ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పళ్ల ఖర్చు ఇవ్వవు. ఇంటి డబ్బే పెట్టాలంటే వాయిదా పడేది ముందుగా అమ్మ పన్నే కదా!

సికింద్రాబాద్‌లో 2001లో మొదలైన ఆర్మీ దంత వైద్య కళాశాల ఉంది. అఫ్జల్‌గంజ్‌లో ప్రభుత్వ దంత వైద్య కళాశాల ఉంది. ఇలాంటి బోధనాసుపత్రుల్లో అధ్యాపకుల పర్యవేక్షణలో విద్యార్థులు చేస్తారు. ఖర్చు తక్కువ, తిరగడం ఎక్కువ. కూలీకి వెళ్లే మనిషికి ఒక్కో తిరుగుడూ ఒక రోజు కూలి. అందుకే పన్ను పీకే ప్రతి ప్రభుత్వాసుపత్రిలోనూ పన్ను పెట్టే ఏర్పాటు కూడా ఉండాలని అడగాలి.

ఈలోగా మన జాగ్రత్త మనది. గిల్టు నగలకు దురద వచ్చేవాళ్లు ఆ సంగతి డాక్టరుకు చెప్పాలి, నికెల్ కలిసిన లోహం పడకపోవచ్చు. సెట్టును రాత్రి తీసి చన్నీళ్లలో వేయాలి. బ్రిడ్జి కింద సన్నని బ్రష్‌తో శుభ్రం చేసుకోవాలి. బిల్లు తప్పక తీసుకోండి. డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వస్తుందని 1995లోనే సుప్రీంకోర్టు చెప్పింది. కుర్చీలో కూర్చునే ముందే "ఏ పళ్లు అరగదీస్తారు, ఎందుకు?" అని అడగండి. అడగడం తప్పు కాదు, మీ పన్ను మీది!