ఒక పాట... రెండు గడియారాలు!

ఘంటసాల గారూ, సుశీల గారూ మన విజయనగరం సంగీత కళాశాలలో చదువుకున్నవారే. 1919లో పెట్టిన కళాశాల అది. వారు మద్రాసులో పాడే తొలిరోజుల్లో రికార్డింగ్ థియేటర్లో వాద్యబృందమంతా ఒక్కసారే వాయించేది. కండక్టర్ చెయ్యి ఎలా ఆడితే అందరూ అలా! ఆ చెయ్యి విలువేమిటో నాకు ఈమధ్య శ్రీకాకుళం దగ్గర ఒక పల్లెలో తెలిసొచ్చింది.

మా కుర్రాళ్ళు తీస్తున్న చిన్న సినిమా కోసం తప్పెటగుళ్ళు రికార్డు చెయ్యబోయాం. బృందం గురువుగారికి డెబ్భై దాటాయి. "ఇదే నా ఆకరి ఆట బావూ" అన్నారు. కావలసినవి నాలుగు మైకులు. మా ఆడియో ఇంటర్‌ఫేస్‌కు పట్టేవి రెండే! ఇంకో మిత్రుడి దగ్గర వేరే కంపెనీ పెట్టె ఉంది. రెండూ రెండూ నాలుగు, ఒకే ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే సరి అనుకున్నాం. తీరా చూస్తే విండోస్‌లో మా రికార్డింగ్ సాఫ్ట్‌వేర్ ఒకసారికి ఒకే ఆసియో డ్రైవర్ని పలకరిస్తుందట! సరే, రెండు సాఫ్ట్‌వేర్లు తెరిచాం. పాట ఒక పెట్టెలోకి, తప్పెట్లూ గజ్జెలూ రెండోదాన్లోకి. గంటసేపు ఆట అదిరింది.

తరవాత రెండూ కలిపి వినిపించాం. మొదట బాగానే ఉంది. పోనుపోనూ పాట ముందు, గజ్జె వెనక! గురువుగారు మొహం చిన్నబుచ్చుకుని, "ఏటి బావూ, మా అడుగు తప్పినట్టినిపిస్తంది?" అన్నారు. తప్పింది ఆయన అడుగు కాదు, మా లెక్క.

ప్రతి పెట్టెలోనూ దాని సొంత గడియారం ఉంటుంది. ఒకటి సెకనుకు 48,000 శాంపిళ్ళు తీస్తే, రెండోది 48,001 తీసిందనుకోండి. గంటకు 3,600 తేడా. అంటే 75 మిల్లీసెకన్లు... సెకనుకు 24 ఫ్రేముల సినిమాలో దాదాపు రెండు ఫ్రేములు!

మరి మార్గం? మాక్ కంప్యూటర్లో ‘ఆడియో మిడి సెటప్’లోకి వెళ్ళి రెండింటినీ ‘అగ్రిగేట్ డివైస్’గా కలపొచ్చు. ఒకదాన్ని గడియారంగా ఎంచుకుని, రెండోదానికి ‘డ్రిఫ్ట్ కరెక్షన్’ పెట్టాలి. అంతకన్నా మేలు, ఆడాట్ గానీ వర్డ్‌క్లాక్ గానీ ఉన్న పెట్టెలైతే కేబుల్ వేసి ఒకటి చెప్పినట్టు రెండోది నడిచేలా చెయ్యడం. అన్నిటికన్నా సుఖం, ఎనిమిది మైకుల పెట్టె ఒక్కటి అద్దెకు తెచ్చుకోవడం! ఇవేవీ కుదరకపోతే మొదట్లో ఒక క్లాప్, చివర్లో ఒక క్లాప్ కొట్టండి.

మేం క్లాప్ కొట్టలేదు. ఆటలో మొదటి అడుగు, చివరి అడుగు ఆధారం చేసుకుని, రెండో ఫైలును కుదించి సరిచేసేసరికి రెండు రోజులు పట్టింది. ఆ పాట పట్టుకుని మళ్ళీ ఆ ఊరు వెళ్ళాం. గురువుగారు కళ్ళు మూసుకుని చివరిదాకా విని, "మేళానికి నాయకుడొక్కడే ఉండాల బావూ!" అన్నారు.

ఆ ముక్క మాకు ముందే తెలిసుంటే ఎంత బాగుండేది!