ఎద్దుకు పళ్ళున్నాయి, కారుకో?

మా నాన్న ఎద్దును కొనేటప్పుడు ముందు నోరు తెరిచి పళ్ళు చూసేవాడు. తర్వాత బండికి కట్టి, బరువేసి, కొంతదూరం తోలించేవాడు. ఆ పైనే తువాలు కింద వేళ్ళు పట్టుకుని బేరం. తెలుగు పాఠాలు చెప్పుకునే నాకు మొన్న కరెంటు కారు కొనవలసి వచ్చేసరికి ఆ విద్య గుర్తుకు వచ్చింది.

కొడంగల్ నుంచి తాండూరు కాలేజీకి రోజూ పోను రాను 40 కిలోమీటర్ల పైచిలుకు. నెలకొకసారి అమ్మను కంటి సూదిమందుకు హైదరాబాదు తీసుకుపోవాలి. కంటికి కట్టుతో ఆవిడ బస్సులో నిలబడి రావడం చూశాక ఇక వాయిదా వేయడం నావల్ల కాలేదు. ఉన్న సొమ్ములోనే అమ్మాయి చదువు ఫీజు కూడా ఉంది మరి.

తెలిసినాయన ఒకరు 2020 నాటి టాటావారి నెక్సాన్ అమ్ముతానన్నాడు. దాని బ్యాటరీ 30.2 యూనిట్లది, కంపెనీ చెప్పిన దూరం 312 కిలోమీటర్లు. అదే పేరుతో 2024లో వచ్చిన కొత్తదానికి 45 యూనిట్లు, 489 కిలోమీటర్లు. ఈ దూరాలు పెళ్ళిచూపుల్లో చెప్పే జీతాలవంటివి. కొంత తీసి లెక్కపెట్టుకోవాలి. 2024 నవంబరులో మన ప్రభుత్వం కరెంటు బండ్లకు 2026 డిసెంబరు 31 దాకా రోడ్డు పన్ను మాఫీ చేసింది గనుక కొత్తదానివైపే మనసు లాగింది.

"అప్పు మాత్రం మాఫీ కాదు కదండీ" అంది మా ఆవిడ.

"సారూ, బండి పువ్వు లెక్కున్నది" అన్నాడు అమ్మే ఆయన. ఎన్నివేలు తిరిగిందో మీటరు చెబుతుంది; బ్యాటరీ ఎంత అరిగిందో ఆ అంకె చెప్పదు. ఎండకు, నిత్యం వేగపు చార్జింగుకు, నిండా నింపి రోజులతరబడి నిలిపి ఉంచడానికి బ్యాటరీ త్వరగా ముసలిదవుతుంది. అందుకని నూటికి నూరు నింపించి తాండూరు పోయి వచ్చాను. 42 కిలోమీటర్లకు నూరు కాస్తా 74కు దిగింది. అంటే నిండు బ్యాటరీకి సుమారు 160. హైదరాబాదు పోవడానికి చాలు, తిరిగి రావడానికి చాలదు. కాని ఆస్పత్రిలో ఎలాగూ పూటంతా కూర్చుంటాం. ఆ లోపల చార్జింగు పెట్టుకోవచ్చు. బ్యాటరీకి 8 ఏళ్ళు లేక 1,60,000 కిలోమీటర్ల హామీ, 2028 దాకా ఉంది. పేరు మారినా అది చెల్లుతుందని కాగితం మీద చూసుకునేదాకా బయానా ఇవ్వలేదు.

పాతదే కొన్నాను.

"కొత్తది కాదా బిడ్డా?" అని అడిగింది అమ్మ.

"నాలుగు పళ్ళదమ్మా" అన్నాను.

దొడ్లో నాన్న ఎడ్లను కట్టిన రాట పక్కనే 15 ఆంపియర్ల ప్లగ్గు పెట్టించాం.